క్వెబెక్ ఉత్తరభూమి: ప్రణాళికలును, ఒడంబడికలును

2011వ సంవత్సరము మే నెల 9వ తేదీన కెనడా దేశమందలి క్వెబెక్ రాష్ట్రపు ముఖ్యమంత్రి ఝాన్ షారే 'ఉత్తర ప్రణాళిక' యను పేర నొక బృహత్పథకమును ప్రకటించెను. 49వ అక్షాంశమునకు పైగా, సెంట్ లారెన్సు నదికిని దాని సింధుశాఖకును ఉత్తరమున నున్న భూభాగమంతయు దానికి క్షేత్రము. ఆ భూమి విస్తీర్ణము సుమారు 12 లక్షల చదరపు కిలోమీటర్లు. రాష్ట్ర విస్తీర్ణములో నూటికి 72 పాళ్లు. అంతటి భూమిలో నివసించువారు నాటి ప్రభుత్వ గణన ననుసరించి సుమారు 1,20,000 మంది మాత్రమే. వారిలో 33,000 మంది ఇనూట్, క్రీ, ఇన్ను, నాస్కపి యను నాలుగు ఆదిమజాతులకు చెందినవారు. ఇనుము, నికెలు, బంగారము, వజ్రములు మున్నగు ఖనిజములు, మహానదులు, అడవులు ఆ భూమికి సంపద. 25 సంవత్సరములలో 8,000 కోట్ల డాలర్ల పెట్టుబడి. సగటున ఏటేట 20,000 ఉద్యోగముల కల్పనయో రక్షణయో. 2035 నాటికి ఆ భూమిలో సగభాగమును పరిశ్రమలకు దూరముగా నుంచుట: ఇవి ఆ ప్రణాళిక చేసిన వాగ్దానములలో ముఖ్యములు.

ఒకే పత్రమున నొక ప్రభుత్వము గనులను త్రవ్వింతుననియు, సగము భూమిని కాపాడుదుననియు పలుకుట సామాన్య విషయము కాదు. ఈ రెండు మాటలకును పొత్తు కుదురునా యను ప్రశ్న నాడే పుట్టినది. దాని సమాధానమును 2011 నాటి పత్రమున మాత్రమే వెదకుట చరిత్రకారునకు తగదు. ఆ భూమిని గూర్చి దక్షిణమున కూర్చుండి పథకములు రచించుట అప్పటికే అర్ధశతాబ్దికి పైబడిన వ్యవహారము. కావున ప్రస్తుత వ్యాసమున మేము ఆ పూర్వచరిత్రను సంగ్రహముగా నిరూపించి, ఆ పథకములలో ఏవి మన్నినవి, ఏవి మన్నలేదు, అందులకు హేతువేమి యను విషయమును విచారింపబూనితిమి.

పదవిచారము

ముందుగా రెండు మాటల యర్థమును తేల్చుకొనవలసియున్నది. మొదటిది 'సుస్థిరాభివృద్ధి'. 1987లో ఐక్యరాజ్యసమితి పక్షమున బ్రంట్లాండ్ సంఘము సమర్పించిన నివేదిక ద్వారా ఈ భావము లోకవ్యాప్తమైనది. నేటివారి యక్కరలు తీరవలెను; రాబోవు తరములవారు తమ యక్కరలను తీర్చుకొను శక్తికి లోపము కలుగరాదు అనుట దాని సారము. ఇంగ్లీషున దీనికి వాడిన 'సస్టెయినబుల్' అను విశేషణమునకు నిలిపియుంచుట, భరించుట మూలార్థములు. ఫ్రెంచి అధికారభాషగా గల క్వెబెక్ రాష్ట్రమున అదే భావమునకు 'ద్యూరాబ్ల్' అను మాట స్థిరపడినది. దానికి చిరకాలము నిలుచునది యని యర్థము. బట్టను గాని పాత్రను గాని కొనునపుడు మనవారు విచారించు 'మన్నిక' యను తెలుగుమాట ఆ ఫ్రెంచిమాటకు మిక్కిలి దగ్గరగా నున్నది. క్వెబెక్ శాసనసభ 2006లో సుస్థిరాభివృద్ధి చట్టమును చేసి, పదునారు సూత్రములను అందు పొందుపరచినది. 2011 నాటి ప్రణాళిక ఆ చట్టముపేరు చెప్పుకొనియే వెలువడినది. కావున దానిని మన్నికయను గీటురాతిపై పరీక్షించుట దాని మాటతో దానినే కొలుచుట యగును.

రెండవది 'ఉత్తర' మను మాట. దిక్కు చూచువాని స్థానమును బట్టి యేర్పడును. క్వెబెక్ నగరమునుండి చూచినపుడు అది ఉత్తరము. అచ్చటి జనులకు అది యిల్లు. క్రీ జాతివారు తమ దేశమును 'ఈయూ ఇస్చీ' యందురు. ప్రజల భూమి యని దానికర్థము. ఇన్నులు తమ దేశమును 'నితాసినన్' అందురు. మా భూమి యని యర్థము. ప్రభుత్వ పటములలో 'నూతన క్వెబెక్' అను పేర నున్న దూరోత్తర భాగమునకు ఇనూట్లు 1986లో ఓటు వేసి 'నునావిక్' అను నామము నెన్నుకొనిరి. ఒకే నేలకు ఒకరు దిక్కును బట్టియు, ఒకరు తమ్ము బట్టియు పేరు పెట్టుకొనిరి. ఈ భేదము పైకి చిన్నదిగా తోచినను, ఈ చరిత్రయంతయు దానిని బట్టియే నడచినదని ముందు తెలియగలదు.

భూమి చేతులు మారిన విధము

1670లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు హడ్సన్ అఖాతములోనికి ప్రవహించు నదుల పరీవాహకభూమి నంతటిని హడ్సన్ బే కంపెనీ వారికి శాసనపూర్వకముగా నొసగెను. ఆ భూమిని రాజుగాని, కంపెనీవారుగాని అప్పటికి చూచినది స్వల్పము. రెండు శతాబ్దులకు, 1870లో, అది కెనడా ప్రభుత్వ హస్తగతమైనది. కెనడా ప్రభుత్వము 1898లో కొంతభాగమును, 1912లో హడ్సన్ జలసంధి వరకుగల మిగిలిన భాగమును క్వెబెక్ రాష్ట్రమున చేర్చినది. ఈ హస్తాంతరములలో దేనియందును అచ్చటి నివాసుల సమ్మతి తీసికొనబడలేదు.

అయినను 1912 నాటి చట్టమునందొక నిబంధన కలదు. ఆ భూమియందలి ఆదిమవాసుల హక్కులను క్వెబెక్ ప్రభుత్వము గుర్తింపవలెననియు, కెనడా ప్రభుత్వము ఇతరత్ర చేసినట్లే వారితో ఒప్పందములు చేసికొని ఆ హక్కులను పొందవలెననియు దాని తాత్పర్యము. దాదాపు అరువది సంవత్సరములు ఈ నిబంధనను పట్టించుకొన్నవారు లేరు. పైపెచ్చు, ఇనూట్ల పోషణభారము ఎవరిదను వివాదమును క్వెబెక్ ప్రభుత్వము అత్యున్నత న్యాయస్థానము వరకు నడపి, అది కెనడా ప్రభుత్వ బాధ్యతయేనని 1939లో తీర్పును పొందినది. భూమి తనది, మనుష్యులు మాత్రము పరుల బాధ్యత యనుట ఆనాటి పాలనాదృష్టి. రెనే లెవెక్ ప్రకృతిసంపదల మంత్రిగా నున్న కాలమున, 1963లో, నూతన క్వెబెక్ వ్యవహారములకొక ప్రత్యేక శాఖ యేర్పడువరకు ఉత్తరమున రాష్ట్రప్రభుత్వపు జాడ అత్యల్పము. మరచిన ఆ 1912 నిబంధనయే తరువాత న్యాయస్థానమున ప్రభుత్వమునకు ఎదురు నిలిచినది.

ఇనుప పట్టణములు

ప్రభుత్వము రాకమునుపే పెట్టుబడి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా ఉక్కు పరిశ్రమకు ఇనుపఖనిజము కావలసివచ్చెను. సెత్-ఈల్ రేవునుండి లోతట్టునకు 570 కిలోమీటర్లకు పైబడిన రైలుమార్గము 1954లో పూర్తియైనది. దాని కొసను షెఫర్‌విల్ పట్టణము వెలసినది. 1960లో గాన్యోన్ అను మరియొక గనిపట్టణము నిర్మింపబడినది. వానిలో పాఠశాలలు, దేవాలయములు, వైద్యశాలలు, క్రీడామందిరములు అన్నియు నేర్పడెను. చూచువారికి ఇవి శాశ్వత నివాసములుగా తోచియుండును.

ఉక్కు ధర పడిపోయినంతనే ఆ శాశ్వతత్వము తేలిపోయినది. షెఫర్‌విల్ గనులను మూయుదుమని 1982లో ప్రకటన వెలువడినది. 1985లో గాన్యోన్ పట్టణమును జనశూన్యముచేసి, కట్టడములను నేలమట్టము గావించిరి. నేడు ఆ దారిన పోవు బాటసారికి అడవి నడుమ హఠాత్తుగా రెండు పాయల వీధి, కాలిబాట యంచులు కనబడును. ఇండ్లు మాత్రము కనబడవు. పట్టణము ఆయుర్దాయము 25 సంవత్సరములు. 2011 నాటి ప్రణాళిక కెంచుకొనిన కాలపరిమితియు సరిగా అంతియే యగుట గమనింపదగినది.

అయితే షెఫర్‌విల్ పూర్తిగా శూన్యము కాలేదు. కంపెనీ ఉద్యోగులు దక్షిణమునకు తరలిపోయిరి. గనిపనులకై అచ్చటికి చేరిన ఇన్నులును, 1956లో ఉత్తరమునుండి వచ్చిన నాస్కపులును నిలిచిపోయిరి. నిలిచియుండువారెవరో, పోవువారెవరో ఆ పట్టణము స్పష్టముగా తెలిపినది. కాని గని తెరచునపుడు సంప్రదింపులలో స్థానము పోవువారికే గాని నిలుచువారికి లేదు.

జేమ్స్ అఖాతపు విద్యుత్పథకము

1971 ఏప్రిల్ 30వ తేదీన ముఖ్యమంత్రి రోబేర్ బురాసా జేమ్స్ అఖాతములోనికి ప్రవహించు నదులపై మహా జలవిద్యుత్పథకమును ప్రకటించెను. దానికి 'శతాబ్దపు నిర్మాణ' మను బిరుదు కలిగినది. ఆ వేసవిలోనే ఒక అభివృద్ధి సంస్థను స్థాపించు చట్టము వచ్చినది. ఆ నదుల తీరములయందు వేటయు, చేపలు పట్టుటయు జీవనముగా నున్న అయిదారువేల క్రీ జనులకు మాత్రము ముందుగా ఒక్క మాటయైనను చెప్పబడలేదు. తమ నదులు కట్టుబడునని వారు పత్రికలవలనను, రేడియోవలనను వినిరి. అంతవరకు ఎక్కడి గ్రామమక్కడ నుండిన క్రీ నాయకులు ఆ వేసవిని మిస్టిసినిలో సమావేశమైరి. క్రీలకు ఒక జాతిగా రాజకీయసంఘటన యేర్పడుటకు ఆ పథకమే కారణమనవచ్చును. 1974లో క్రీ మహాసభ స్థాపింపబడి, యువకుడైన బిల్లీ డైమండ్ దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను.

క్రీలును ఇనూట్లును న్యాయస్థానము నాశ్రయించిరి. వేటగాండ్రు మాంట్రియల్ నగరమునకు వచ్చి, ఏ ఋతువున ఏ తావున ఏ జంతువు తిరుగునో, ఏ చేప ఏ నీటిలో నుండునో సాక్ష్యముగా చెప్పిరి. నెలల తరబడి విచారించి న్యాయమూర్తి ఆల్బర్ట్ మలూఫ్ 1973 నవంబరు 15వ తేదీన నిర్మాణమును నిలుపుచు నిషేధాజ్ఞ నిచ్చెను. 1912 నాటి నిబంధన ఆయన తీర్పున కొక ముఖ్యాధారము. ఆదిమవాసుల హక్కులను పొందకయే వారి భూమిని కట్టివేయుట చెల్లదనుట దాని సారము. ఒక్కవారము గడచునప్పటికి, నవంబరు 22వ తేదీన, పై న్యాయస్థానము ఆ యాజ్ఞను తొలగించినది. పనులు మరల సాగినవి. కాని వాదము నెగ్గునో నెగ్గదో యను సందేహము ప్రభుత్వమున కొక్కసారి కలిగినపిమ్మట సంప్రదింపులు తప్పలేదు.

ఫలితముగా 1975 నవంబరు 11వ తేదీన 'జేమ్స్ అఖాత, ఉత్తర క్వెబెక్ ఒడంబడిక' కుదిరినది. కెనడా, క్వెబెక్ ప్రభుత్వములు, విద్యుత్సంస్థలు, క్రీలు, ఇనూట్లు దానియందు చేవ్రాలు చేసిరి. సుమారు పది లక్షల చదరపు కిలోమీటర్ల భూమి దాని పరిధిలోనికి వచ్చెను. ఆ భూమి మూడు తరగతులుగా విభజింపబడినది. మొదటి తరగతి, గ్రామములును వాని పరిసరములును, దాదాపు 14,000 చదరపు కిలోమీటర్లు ఆదిమవాసుల వశమున నుండును. రెండవ తరగతి, సుమారు 1,50,000 చదరపు కిలోమీటర్ల భూమిలో వేటహక్కు వారిదే. మూడవ తరగతి, శేషించినది, ప్రజాసామాన్యమునకు తెరువబడిన ప్రభుత్వభూమి. 22 కోట్ల 50 లక్షల డాలర్లు నష్టపరిహారముగా నిర్ణయింపబడినవి. విద్య, వైద్యము, స్థానికపరిపాలన ఆ జాతుల సంస్థల చేతికి వచ్చినవి. కొత్త నిర్మాణములకు ముందు పరిసర పరీక్ష జరుగవలెననియు, ఆ పరీక్షాసంఘములలో స్థానికులకు స్థానముండవలెననియు నిబంధన యేర్పడినది.

ఈ ఒడంబడికయందు మా దృష్టిని మిక్కిలి యాకర్షించునది వేటగాండ్రకు ఆదాయరక్షణ కల్పించిన యేర్పాటు. సంవత్సరమున కనీసము 120 దినములు అడవిలో వేటపై గడపు క్రీ కుటుంబమునకు వార్షికముగా కొంత ధనము చెల్లును. ఇది భిక్ష కాదు. ఒక జీవనవిధానము నిలుచుటకై చేసిన చెల్లింపు. గనిపని, కర్మాగారపుపని మాత్రమే ఉద్యోగమని తలచు ప్రణాళికారచనలో ఇట్టి యంశము సాధారణముగా కానరాదు. సుస్థిరాభివృద్ధి యను మాట లోకమున ప్రచారమునకు రాకముందే, దాని యర్థమునకు తగిన పనియొకటి ఈ ఒడంబడికయం దిమిడియున్నది. అది ప్రణాళికాశాఖవారి బల్లపై పుట్టినది కాదు. వేటగాండ్రు అడిగి సాధించుకొన్నది.

ఈ ఒడంబడికను నిర్దోషమని చెప్పజాలము. ప్రతిఫలముగా క్రీలును ఇనూట్లును తమ పూర్వపు హక్కులను వదలుకొనునట్లు వ్రాయబడినది. ఇనూట్లలోనే పువిర్నితుక్, ఇవుయివిక్ గ్రామములవారు అట్టి త్యాగమున కొప్పుకొనక చేవ్రాలు చేయలేదు. నాస్కపులతో 1978లో వేరు ఒప్పందము జరిగినది. ఆ భూమిలో కొంతభాగముపై తమకును హక్కుగల ఇన్నులు ఒడంబడికలో భాగస్వాములే కారు. నిర్మాణము సగము జరిగిన పిమ్మట చేసిన సంప్రదింపు సమానుల నడిమి బేరము కాదు.

జలాశయముల ఫలితములును ఒడంబడిక పుటలలో ఇముడలేదు. 1979లో మొదటి మహాకేంద్రము ప్రారంభమైనది. దాని సామర్థ్యము 5,616 మెగావాట్లు. మునిగిన వృక్షజాలము కుళ్లుటవలన నీటిలో పాదరసము చేపల శరీరమునకు ఎక్కు రూపమును దాల్చినది. చేప ప్రధానాహారముగా గల క్రీలకు వైద్యులు చేప తినుటపై హద్దు విధింపవలసివచ్చెను. ప్రవాహము హెచ్చి తీరము కోసికొనిపోవునను భయమున ఫోర్ట్ జార్జి ద్వీపవాసులు 1980, 81 సంవత్సరములలో చిసాసిబి యను కొత్త గ్రామమునకు తరలిరి. 1984 సెప్టెంబరులో కనియాపిస్కో నదిని దాటుచు దాదాపు 10,000 కారిబూ జింకలు మునిగి మరణించినవి. ఎగువ జలాశయమునుండి విడిచిన నీరే కారణమని కొందరు, అసాధారణవర్షము కారణమని కొందరు వాదించిరి. ఏది నిజమైనను, నదిని తన యదుపులోనికి తెచ్చుకొనినవారు ప్రకృతిపై నేరము మోపుట పూర్వమువలె సులభము కాకపోయెను.

ఆగిన నది, మళ్లిన నది

ఇచ్చట రెండు నదుల చరిత్రను పోల్చి చూతము. 1989లో గ్రేట్ వేల్ నదిపై రెండవదశ నిర్మాణము తలపెట్టబడినది. ఈసారి క్రీలును ఇనూట్లును కలసి యొక పడవను నిర్మించిరి. క్రీల పడవపేరును ఇనూట్ల 'కయాక్' అను పేరును సంధించి దానికి 'ఒడెయాక్' అని నామకరణము చేసిరి. 1990 వసంతమున ఆ పడవతో న్యూయార్కు నగరమునకు పోయి, విద్యుత్తును కొనబోవు జనులకే తమ మాట వినిపించిరి. 1992లో న్యూయార్కు రాష్ట్రము ఆ కొనుగోలు ఒప్పందమును విరమించుకొనెను. 1994 నవంబరులో ముఖ్యమంత్రి జాక్ పారిజో ఆ పథకమును ప్రక్కన బెట్టెను.

రెండవది రూపర్ట్ నది. 2002 ఫిబ్రవరి 7వ తేదీన వాస్కగానిష్ గ్రామమున ముఖ్యమంత్రి బెర్నార్ లాండ్రీయు, క్రీ మహాసభాధ్యక్షుడు టెడ్ మోసెసును 'వీరుల సంధి' యను పేర ప్రసిద్ధమైన ఒప్పందముపై చేవ్రాలు చేసిరి. ఇది జాతికిని జాతికిని నడిమి సంధియని అందు చెప్పబడినది. దాని కాలము 50 సంవత్సరములు. ఆ కాలమున క్రీలకు చెల్లవలసిన మొత్తము కనీసము 350 కోట్ల డాలర్లు. భూమినుండి తీయు సంపద హెచ్చినకొలది చెల్లింపును హెచ్చును. దీనికి ప్రతిగా క్రీలు రూపర్ట్ నదీజలములలో పెద్దభాగమును మళ్లించుటకు సమ్మతించిరి. 2009లో నది మళ్లింపబడినది. మళ్లింపు ప్రభావమునకు లోనగు మూడు గ్రామముల ప్రజలు 2006లోనే ఓటు వేసి తమ యసమ్మతిని తెలిపియుండిరి. జాతియంతటి సమ్మతియు, నదీతీరవాసుల సమ్మతియు నొకటి కాదని దీనివలన తేలుచున్నది. సమ్మతియను మాట ఎంత బరువైనదో, 'ఎవరి సమ్మతి' యను ప్రశ్నయు నంత బరువైనదే.

ఉత్తర ప్రణాళిక: పేర్లు, ధరలు

ఈ నేపథ్యమున 2011 నాటి ప్రణాళికను చూచిన దాని గుణదోషములు రెండును బోధపడును. 1971లో వలె గాక, ఈసారి ప్రకటనకు ముందు ఆదిమజాతుల ప్రతినిధులు చర్చాపీఠముల చుట్టు కూర్చుండిరి. ఇనూట్లు 2010లో తమ స్వంత 'నునావిక్ ప్రణాళిక'ను, క్రీలు 2011 ఆరంభమున తమ దృక్పథ పత్రమును వెలువరించిరి. గృహముల కొరత, రాకపోకల దుర్లభత, ఆహారపు ధరలు అను విషయములను వారు గనులకంటె ముందుంచిరి. ఒడంబడికల పునాది గలవారు తమ ప్రణాళికతో ప్రభుత్వప్రణాళికకు ఉత్తర మీయగలిగిరి. ఒడంబడిక లేని ఇన్నులలో పలువురు బయటనే నిలువవలసివచ్చెను. 2012 ఏప్రిలులో ఇన్ను స్త్రీలు కొందరు మాని-ఉతెనమ్ గ్రామమునుండి మాంట్రియల్ వరకు వందల కిలోమీటర్లు నడచివచ్చి ఆ ప్రణాళికపై తమ నిరసనను తెలిపిరి. సంధి యున్నచోట ప్రతినిధులు పీఠముల నెక్కిరి. లేనిచోట స్త్రీలు రహదారి నడిచిరి.

పెట్టుబడి లెక్కను పరిశీలించినను ప్రణాళిక స్వభావము తెలియును. 8,000 కోట్ల డాలర్లలో 4,700 కోట్లు విద్యుచ్ఛక్తికిని, 3,300 కోట్లు గనులకును ప్రజోపయోగ నిర్మాణములకును ఉద్దేశింపబడినవి. అంత విద్యుత్తు ఉత్తరమున పుట్టుచుండగా, నునావిక్ ప్రాంతపు 14 గ్రామములు దక్షిణమునకు పోవు విద్యుత్తీగెలకు చేరక డీసెలు యంత్రములపై నాధారపడియుండినవి. ఇనుక్‌జువాక్ గ్రామమున ఇనూట్ల భాగస్వామ్యముతో 7.5 మెగావాట్ల చిన్న జలవిద్యుత్కేంద్రము 2023లో పని ప్రారంభించిన పిమ్మటనే ఆ గ్రామమునకు తన నది విద్యుత్తు లభించినది. మహాకేంద్రములలో మొదటిది ప్రారంభమైన 44 సంవత్సరములకు ఇది జరిగినది.

ప్రణాళిక ఆయువు ఎట్లుండెనో చూతము. 2012 సెప్టెంబరు ఎన్నికలలో ప్రభుత్వము మారినది. పోలిన్ మరోవా మంత్రివర్గము 'ఉత్తరము అందరిదీ' యను నర్థము గల కొత్త నినాదమును స్వీకరించెను. 2014లో ఫిలిప్ కుయ్యార్ అధికారమునకు రాగా పాతపేరు తిరిగివచ్చి, 2015 ఏప్రిలులో 2035 వరకు లక్ష్యముగా నూతన పత్రము వెలువడి, దానికై యొక ప్రభుత్వసంస్థయు నేర్పడెను. తరువాత ఫ్రాన్స్వా లెగో ప్రభుత్వము 2020లో మరియొక కార్యాచరణపత్రమును ప్రకటించినది. పది సంవత్సరములలో ప్రణాళిక నాలుగు వేషములు ధరించినది.

వేషములను మార్చినవి ఎన్నికలు. సారమును మార్చినవి ధరలు. 2011 తొలినాళ్లలో టన్ను ఇనుపఖనిజము 180 డాలర్లకు మించి పలికినది. 2015 చివరకు 40 డాలర్ల సమీపమునకు దిగినది. ఫెర్మాన్ పట్టణ సమీపమున 2010లో తెరచిన యొక గని 2014 చివర మూతపడి, మరల 2018లో తెరువబడినది. ప్రజాధనముతో 240 కిలోమీటర్ల మేర పొడిగించిన రహదారి కొసను 2016లో తెరచిన రెనార్ వజ్రపుగని, వజ్రముల ధర తగ్గుటచే 2023లో పని నిలిపినది. షెఫర్‌విల్, గాన్యోన్ పట్టణముల కథ వేరు పేర్లతో మరల నడచినది.

ఇదే కాలమున వేరొక రీతి దృష్టాంతమును కలదు. మిస్టిసిని సమీపమున యురేనియము గని యొకటి ప్రతిపాదింపబడగా, క్రీలు 2012లో తమ భూమియందంతటను యురేనియము త్రవ్వకమునకు శాశ్వత విరామమును ప్రకటించిరి. 2013లో రాష్ట్రప్రభుత్వము స్థానికుల సమ్మతి లేదను కారణమున అనుమతిని నిరాకరించెను. గనులను ప్రోత్సహించుటకై పుట్టిన ప్రణాళికాకాలముననే 'వద్దు' అను మాటకు విలువ కలిగినది. ఆ విలువ ప్రణాళికవలన వచ్చినదికాదు. 1975లో పుట్టి 2002లో బలపడిన ఒడంబడికలవలన వచ్చినది.

పర్యాలోచన

పై విచారణవలన తేలిన విషయమిది. ప్రభుత్వ ప్రణాళికలు ఎన్నికలతోను, ధరలతోను మారుచు వచ్చినవి. ఒడంబడికలు మారలేదు. 1975 నాటి ఒడంబడిక తన్ను రచించిన మంత్రివర్గములను, తరువాతి మంత్రివర్గములను గడచి నిలిచినది. 2002 నాటి సంధి పునాదిపై 2012లో మరియొక ఒప్పందము కుదిరి, 2014 జనవరి 1వ తేదీనుండి క్రీలును, ఆ ప్రాంతపు ఇతర నివాసులును సమప్రాతినిధ్యముతో పాలించు ప్రాంతీయ ప్రభుత్వము నెలకొన్నది. దీనికి హేతువు స్పష్టము. ప్రణాళిక యనునది ప్రభుత్వము తనకు తాను చేసికొనిన సంకల్పము. దానిని సడలించుకొనుటకు వేరొకరి యనుమతి యక్కరలేదు. ఒడంబడికకు ఎదుట నొక పక్షము కలదు. మాట తప్పినచో అడుగుటకు హక్కుగల మనుష్యుడున్నపుడే మాట మన్నును.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. ఒడంబడికలును ధనముతో కొన్న సమ్మతులే గదా. రూపర్ట్ నది మళ్లినది గదా యని యడుగవచ్చును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఒడంబడిక నదిని కాపాడునని మేము చెప్పుట లేదు. నదిని గూర్చి నిర్ణయించుచోట దాని తీరవాసికి ఆసనము నిచ్చునని మాత్రము చెప్పుచున్నాము. ఆ యాసనమునుండి అతడు ఒకప్పుడు సరేయనవచ్చును, ఒకప్పుడు వద్దనవచ్చును. గ్రేట్ వేల్ నది విషయమున వద్దనెను. రూపర్ట్ నది విషయమున, ఇంటిలోనే భేదము కలిగియున్నను, సరేయనెను. ఆసనమే లేనివానికి ఈ రెండును లేవు.

2035 నాటికి సగము భూమిని కాపాడుదుమను వాగ్దానమునుకూడ ఈ దృష్టితోనే చూడవలసియున్నది. ఏ సగమో పటముపై గీతగీయుట సులభము. గీత మన్నవలెనన్న, ఆ భూమిలో వేటాడు కుటుంబములు దానిని తమ గీతగా నెంచవలెను. ఖనిజముధర హెచ్చినపుడు గీతను జరుపబూనువారికి అడ్డు నిలుచునది చట్టపుప్రతి కాదు. ఆ నేలపైనే పుట్టి, గని మూతపడిన మరునాడును ఆ నేలపైనే యుండువారు.

పరిశోధక విద్యార్థులకు మేము చేయదలచిన సూచన యొక్కటియే. ప్రభుత్వ పత్రములనుండియే అభివృద్ధి చరిత్రను వ్రాయుట తేలిక. అవి ముద్రితములు, లెక్కలతో నిండినవి. వానితోపాటు ఒడంబడికల నిబంధనలను, న్యాయస్థానములలో వేటగాండ్రు చెప్పిన సాక్ష్యములను, చేవ్రాలు చేయని గ్రామముల కారణములను చదువవలెను. గాన్యోన్ పట్టణము పత్రములలో విజయమే; నేలపై అది అడవిలోని కాలిబాట. ప్రణాళిక మన్నికను తెలిసికొనుటకు అది వ్రాసిన యేడు కాదు, గని మూసిన యేడు చూడవలెను. ఆ యేటను అచ్చట మిగిలియున్నవారెవరో, వారిని మొదట నడిగితిరా లేదా యను ప్రశ్నయే సుస్థిరాభివృద్ధికి మొదటి పరీక్షయని మా యభిప్రాయము.